చెముడుగుంటలో రిమాండ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి ఫాదర్ గారు రావాలంటే ఎవరిని అడగాలి?

అల్లూరు_అక్క | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ వందనాలు. మా తమ్ముడు వేసవి నుంచి నెల్లూరు సెంట్రల్ జైల్లో, అదే చెముడుగుంటలో, రిమాండ్‌లో ఉన్నాడు. రొయ్యల గుంట కాడ గొడవ జరిగి అవతల మనిషికి తల పగిలింది. అంతకంటే ఇక్కడ రాయను.

అమ్మా నేనూ ములాఖత్‌కి పోతా ఉంటాం. ఎప్పుడు పోయినా బెయిలు సంగతే అడిగేవాడు. పోయిన వారం ఆ మాటే ఎత్తలేదు. "ఫాదర్ గారు ఎవరైనా వస్తే పాపసంకీర్తనం చేసుకుంటానక్కా, సత్ప్రసాదం తీసుకుని ఏళ్ళయింది" అన్నాడు. ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకుని, పూజలో ఇచ్చే అప్పం తీసుకోవాలని వాడి ఆశ. బయట ఉన్నప్పుడు పూజకి రమ్మంటే గుంటకి మేత వేయాలని ఏదో ఒక సాకు చెప్పేవాడు. అమ్మ అక్కడే ఏడ్చేసింది.

మా విచారణకి, అంటే మా చర్చి పరిధికి, కొత్త గురువులు, అదే ఫాదర్ గారు, ఈ మధ్యే వచ్చారు. ఆయనకి మేమెవరో తెలీదు. తమ్ముడు జైల్లో ఉన్నాడని మొదటి మాటగా ఎట్టా చెప్పాలో తెలియడం లేదు. ఇంకో టెన్షన్ ఏందంటే, మా కాగితాలన్నిట్లో హిందూ అనే ఉంటుంది. జైలు రిజిస్టర్లో కూడా అట్టాగే రాసుకున్నారంట. అప్పుడు ఫాదర్ గారిని రానిస్తారా? వాడు పాపసంకీర్తనంలో చెప్పింది రేపు కోర్టుకి పోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సంతపేట_వాసి | ఆదివారం, రాత్రి 9:48

అక్కా, ముందు మీ విచారణ గురువుల దగ్గరికే పోండి. కొత్తవారైతే ఏమైంది, గురువులకి ఇలాంటి కబురు కొత్త కాదు. జైలు పరిచర్య చూసుకునే గురువులు ఎవరో బిషప్ గారి ఆఫీసులో చెబుతారు. ప్రకాశం జిల్లా కూడా నెల్లూరు మేత్రాసనంలోనే, అంటే నెల్లూరు బిషప్ గారి పరిధిలోనే, ఉంది కాబట్టి ఒంగోలు జిల్లా జైల్లో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళు కూడా ఇక్కడే అడగాలి.

ఆగస్టు రెండో ఆదివారాన్ని మన దేశంలో ప్రిజన్ మినిస్ట్రీ ఆదివారంగా పాటిస్తారు. చాలా గుళ్ళలో (చర్చిల్లో) ఆ రోజు ఒక ప్రార్థన చదివి, ఒక చందా కవరు తిప్పి ఊరుకుంటారు. మా గుడీ అంతే.

పాత_వార్డర్ | ఆదివారం, రాత్రి 10:30

తల్లీ, నేను జైళ్ళ శాఖలో చేసి రిటైరయ్యాను. నేను హిందువుని, అయినా చెబుతాను.

రిజిస్టర్లో మతం కాలమ్ గురించి దిగులు పడొద్దు. మన రెండు జిల్లాల్లో చాలామంది సంగతి అదే. ఇంట్లో చర్చి, సర్టిఫికెట్లో హిందూ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులమని రాస్తే ఎస్సీ హోదా పోతుంది కాబట్టి అట్టా రాసుకుంటారు. జైలు వాళ్ళకి ఇది తెలియంది కాదు. ఇబ్బంది ఎక్కడంటే, పండక్కి ప్రార్థనకి ఎవరెవర్ని పిలవాలో రిజిస్టరు చూసి లిస్టు రాసే చోట మీవాడి పేరు అందులో పడదు. అందుకని వాడే సూపరింటెండెంట్ గారికి ఒక అర్జీ రాసుకోవాలి. "ఫలానా గురువుని కలవాలి, ప్రార్థన చేసుకోవాలి" అంటే చాలు. మతం ఏంటో అందులో వాదించక్కర్లేదు. రాయడం రాకపోతే లోపల రాసిపెట్టేవాళ్ళు ఉంటారు.

ఫాదర్ గారు కూడా తన లెటర్ హెడ్ మీద విడిగా దరఖాస్తు పెట్టాలి. ఎవరెవరు వస్తారు, ఏమేం తెస్తారు, ఎంతసేపు ఉంటారు, అన్నీ ముందే రాయాలి. గేటు దగ్గర కొత్తగా ఒక్క వస్తువు చెప్పినా పని ఆగిపోతుంది. ఫోన్లు బయటే. జపమాల దారంతో అల్లింది తెమ్మనండి, ఇనుప గొలుసుదైతే గేటు దాటదు. పుస్తకం తిరగేసి చూసి ఇస్తారు.

ఆదివారాలు, పండగ రోజులు సిబ్బంది తక్కువ. మామూలు రోజు అడిగితే త్వరగా ఒప్పుకుంటారు. ఇది ఏ రూల్ బుక్కులోనూ ఉండదు, నా అనుభవం.

గూడూరు_బ్రదర్ | సోమవారం, ఉదయం 6:15

నేను గురువిద్యార్థిని. పాపసంకీర్తనం గురించి అడిగారు కదా. అందులో విన్నది గురువులు ఎవరికీ చెప్పరు, చెప్పకూడదు. పోలీసులకి కాదు, జడ్జికి కాదు, బిషప్ గారికి కూడా కాదు. శ్రీసభ, అంటే కాథలిక్ సభ, చట్టంలో 983వ నిబంధన అది. ఆ గోప్యతను నేరుగా ఉల్లంఘించిన గురువుకి ఎవరూ తీర్పు చెప్పనవసరం లేకుండానే వెలి పడుతుంది. మాట ద్వారానే కాదు, మరే రకంగానైనా సరే, ఏ కారణం చేతనైనా సరే, బయటపెట్టకూడదని ఆ నిబంధనలో ఉంది. మీ తమ్ముడు నిర్భయంగా చెప్పుకోవచ్చు.

ఎక్కడ కూర్చుంటారన్నది కూడా ముఖ్యమే. సిబ్బంది కంటికి కనపడాలి, మాట మాత్రం వాళ్ళకి వినపడకూడదు. ఆ సంగతి ముందే అడిగి ఖాయం చేసుకోవడం మంచిది.

ద్రాక్షరసం దగ్గర కూడా చిక్కు వస్తుంది. జైల్లోకి మద్యం రానివ్వరు, పూజకి అది లేకుండా కుదరదు. కొద్ది చుక్కలే అయినా అనుమతి కాగితంలో రాయించుకోవాలి. వియత్నాంలో కార్డినల్ వాన్ త్వాన్ గారు 13 ఏళ్ళు చెరలో ఉన్నారు, అందులో 9 ఏళ్ళు ఒంటరి గదిలో. కడుపునొప్పి మందు అని పేరు పెట్టి తనవాళ్ళు పంపిన సీసాలోంచి మూడు చుక్కల రసం, ఒక చుక్క నీళ్ళు అరచేతిలో పోసుకుని పూజ చేసేవారట. మనకి అంత కష్టం లేదు, ఒక దరఖాస్తు చాలు.

నెల్లూరోడు_88 | సోమవారం, ఉదయం 8:02

నేను ఎవర్నీ నొప్పించాలని కాదు. జైల్లో మనిషి కుంగిపోయి ఉంటాడు. ఆ టైమ్‌లో ప్రార్థన పేరుతో వచ్చి మతం మార్చడం కరెక్టేనా? మా వీధి కుర్రాడు ఒకడు అట్టాగే మారి వచ్చాడు. ఇంట్లో పెద్ద గొడవ.

గూడూరు_బ్రదర్ | సోమవారం, ఉదయం 8:40

అన్నా, అడగాల్సిన మాటే అడిగారు. కుంగి ఉన్న మనిషికి ఆశ చూపించి మతం మార్చడాన్ని మేము కూడా తప్పు అనే అంటాం. అడిగినవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. 2013లో ఫ్రాన్సిస్ పోపు గారు రోమ్‌లో కుర్రాళ్ళ జైలుకి వెళ్ళి పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది కాళ్ళు కడిగారు. వాళ్ళలో ముస్లింలు ఉన్నారు, ఆడపిల్లలు ఉన్నారు. కాళ్ళు కడిగి ముద్దు పెట్టుకున్నారు, అంతే. దాని వెనక షరతు ఏమీ లేదు.

పాత_వార్డర్ | సోమవారం, ఉదయం 9:15

నా సర్వీసులో బ్రహ్మకుమారీలు వచ్చారు, మౌల్వీలు వచ్చారు, భజన మండలి వాళ్ళు వచ్చారు, పాస్టర్లు వచ్చారు, ఫాదర్లు వచ్చారు. లౌడ్ స్పీకర్ పట్టుకొచ్చి అందర్నీ కూర్చోబెట్టి గంట సేపు చెప్పేవాళ్ళంటే ఖైదీలకీ విసుగే, మాకూ విసుగే. ఒకరి పక్కన కూర్చుని వాడి మాట వినేవాళ్ళు తక్కువ. అట్టాంటి వాళ్ళు ఏ మతం వాళ్ళైనా బ్యారక్‌లో ఆ రాత్రి కొట్లాటలు ఉండవు. ఇది కళ్ళారా చూశాను.

పేరు_వద్దు | సోమవారం, మధ్యాహ్నం 1:25

ఇదంతా చదువుతుంటే నాకు కడుపు మండుతోంది. క్షమించండి, రాస్తున్నాను.

మా నాన్నని పొలం గట్టు తగాదాలో చంపారు. చంపినవాడు మా విచారణవాడే. వాడి దగ్గరికి క్రిస్మస్‌కి గురువులు పోయారు, కేకు పంచారు, పాటలు పాడారు. ఆ ఫోటోలు వాట్సాప్‌లో నాకే వచ్చాయి. ఆ క్రిస్మస్‌కి మా ఇంటికి ఎవరొచ్చారు? సమాధి పూజ రోజున వచ్చినవాళ్ళే. ఆ తర్వాత ఎవరూ మా గడప తొక్కలేదు. మా అమ్మ ఆ గుడికి పోవడం మానేసింది. వాడి అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది కాబట్టి.

వాడికి ఆత్మ ఉంది, నిజమే. మాకు లేదా?

సింగరాయకొండ_టీచర్ | సోమవారం, సాయంత్రం 5:50

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. మీ మాట తప్పని అనడం లేదు. అయినా ఒక సంగతి చెప్పాలనిపించింది.

సిస్టర్ రాణి మరియ అని కేరళ నుంచి మధ్యప్రదేశ్ పోయి పేదల కోసం పని చేసిన ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సిస్టర్. 1995 ఫిబ్రవరి 25న బస్సులో ఆమెని కత్తితో పొడిచి చంపారు. చంపినవాడు సమందర్ సింగ్. అతని దగ్గరికి జైలుకి పోతూ వచ్చింది స్వామి సదానంద్ అనే గురువులు. తర్వాత చనిపోయిన సిస్టర్ గారి చెల్లెలు, ఆమె కూడా సిస్టరే, 2002లో జైలుకి పోయి అతని చేతికి రాఖీ కట్టింది. ఇంటివాళ్ళు క్షమించామని అర్జీ పెట్టడంతో 2006లో విడుదలయ్యాడు. 2017 నవంబరులో ఇండోర్‌లో ఆమెని ధన్యురాలిగా ప్రకటించినప్పుడు అతను కూడా అక్కడే ఉన్నాడు.

పేరు_వద్దు | సోమవారం, సాయంత్రం 6:20

ఈ కథ మా ఫాదర్ గారు కూడా చెప్పారండీ. ఆవిడ సిస్టర్. నేను టైలరింగ్ చేసుకుని ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న మనిషిని. ఆవిడ చేసింది గొప్పదే. కానీ నన్ను కూడా అట్టా చేయమని వేలు పెట్టి చూపిస్తున్నట్టు ఉంటుంది ఈ కథ విన్న ప్రతిసారీ.

సింగరాయకొండ_టీచర్ | సోమవారం, సాయంత్రం 6:31

నిజమే. చెప్పాల్సిన సమయం కాదు అది. ఆ సిస్టర్ గారు కూడా రాఖీ కట్టడానికి ఏడేళ్ళు పట్టింది. మీరు ఏం చేయాలో చెప్పే హక్కు నాకు లేదు.

అల్లూరు_అక్క | సోమవారం, రాత్రి 8:05

చెల్లీ, నేను అవతలి వైపు మనిషిని. మా తమ్ముడి చేతిలో దెబ్బ తిన్న అతను బతికాడు, ఇప్పుడు కోలుకున్నాడు కూడా. అయినా వాళ్ళ ఇంటి ముందు నుంచి పోవాలంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. మీరు రాసింది చదివాక అడగాలనిపించింది. మేము వాళ్ళింటికి పోవచ్చా? పోతే రాజీకి వచ్చామని అనుకుంటారా?

ఒంగోలు_వకీలు | సోమవారం, రాత్రి 9:30

అమ్మా, ఆ ప్రశ్నకి ముందు నేనే జవాబు చెప్పాలి. దయచేసి ఇప్పుడు పోవద్దు. మీ ఉద్దేశం మంచిదే, కానీ కేసు నడుస్తుండగా నిందితుడి ఇంటివాళ్ళు బాధితుడి ఇంటికి పోతే సాక్షుల్ని బెదిరించారని పిటిషన్ పడుతుంది. బెయిలు రావాల్సింది కూడా ఆగుతుంది. పోవాలనుకుంటే గురువుల్ని పంపండి. అది కూడా కేసు గురించి ఒక్క మాట మాట్లాడకుండా, బాగోగులు కనుక్కుని రావడం వరకే.

రెండోది. పాపసంకీర్తనం గురించి బ్రదర్ గారు చెప్పింది సరే. కానీ గురువులతో పాటు వచ్చే ఉపదేశి (గుడిలో బోధించే మనిషి), వాలంటీర్లు, పాటలు పాడే పిల్లలు, వీళ్ళతో చెప్పింది పాపసంకీర్తనం కాదు. వీళ్ళు "అసలేం జరిగింది బాబూ" అని అడగకూడదు, మీవాడు చెప్పకూడదు. మంచి మనసుతో అడిగినవాళ్ళు కూడా రేపు సాక్షుల లిస్టులోకి ఎక్కొచ్చు.

అసలు సంగతి బెయిలు. మీరు రాసినదాన్ని బట్టి హత్యాయత్నం సెక్షన్ అయి ఉండొచ్చు. దెబ్బ తగిలితే ఆ సెక్షన్‌లో జీవిత ఖైదు దాకా ఉంది. అందుకని ఒక వెసులుబాటు మీకు రాదు. అది ఏంటంటే, కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బాండ్ మీద వదలాలి. మిగతావాళ్ళకి సగం. మరణశిక్ష, జీవిత ఖైదు పడే నేరాలకి ఇది వర్తించదు. దొంగతనం, చిన్న కొట్లాట కేసుల్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఇది ప్రాణదానమే. పాత కేసులకి కూడా వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలుకి పోయే గురువులు ఈ ఒక్క సెక్షన్ తెలుసుకుని పోయినా మేలే.

మీకు పనికొచ్చేది వేరే. ఇలాంటి పెద్ద కేసులో 90 రోజుల్లోపు చార్జిషీట్ వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ దానికి మనవాళ్ళే పిటిషన్ వేయాలి, ఊరికే తలుపు తెరవరు. చార్జిషీట్ పడ్డాక వేస్తే లాభం లేదు. రేపు పొద్దున్నే మీ లాయర్ని తేదీలు అడగండి.

లాయర్‌కి డబ్బులు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ని ఇవ్వాలి, 1987 చట్టంలో 12వ సెక్షన్ అది. ఫోన్ చేయాలంటే 15100.

బయటికొచ్చినోడు | సోమవారం, రాత్రి 11:40

ఈ వేదికలో నేను ఎప్పుడూ రాయలేదు, చదువుతానంతే. నేను ఒక సబ్ జైల్లోనూ, తర్వాత సెంట్రల్ జైల్లోనూ ఉండి వచ్చాను. నాకు బెయిలు వచ్చింది, కానీ ష్యూరిటీలు దొరకలేదు. పొలం పాస్‌బుక్ ఉన్నవాళ్ళు ఎవరు మాకు సంతకం పెడతారు? బెయిలు కాగితం చేతిలో పెట్టుకుని లోపలే ఉన్నా.

సాయంత్రం లెక్క పెట్టి తాళం వేశాక పొద్దున దాకా రాత్రి తెల్లారదు. అప్పుడే పిచ్చి ఆలోచనలు వస్తాయి. అరటిపళ్ళు, బిస్కెట్లు పంచి ఫోటో దిగిపోయే వాళ్ళు చాలామంది వచ్చారు. తిన్నాం, కాదనను. కానీ ఒక సిస్టర్ గారు వచ్చేవారు. ఏమీ తెచ్చేవారు కాదు. "మీ అమ్మకి ఏమన్నా చెప్పాలా" అని అడిగేవారు. మా అమ్మకి చదువు రాదు, ఫోన్ లేదు, మా ఊరు మూల. ఆవిడ బస్సెక్కి పోయి నేను చెప్పింది చెప్పి, అమ్మ చెప్పింది మళ్ళీ వచ్చి నాకు చెప్పేవారు. గేదె ఈనింది, కోడెదూడ. చెల్లికి సంబంధం చూస్తున్నారు. గోడ కూలింది. ఇవే కబుర్లు. నేను బయట ఉన్నప్పుడు ఇవి వినబుద్ధయ్యేది కాదు.

నేను కాథలిక్కుని కాదు, ఇప్పటికీ కాదు. ఆవిడ ఒక్కసారి కూడా రమ్మనలేదు.

అక్కా, మీ తమ్ముడి దగ్గరికి గురువులు ఒక్కసారి వచ్చి పోతే సరిపోదు. మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పి పొమ్మనండి. చెప్పిన రోజు రావాలి. రాలేకపోతే చెప్పొద్దనండి.

ఒంగోలు_వకీలు | మంగళవారం, ఉదయం 7:20

అన్నా, మీకు జరిగింది ఇప్పుడు ఎవరికీ జరగకూడదు. బెయిలు వచ్చిన 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలని, నెల దాటినా ష్యూరిటీలు పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్రం పథకం ఒకటి కూడా ఉంది. 2023లో పెట్టిన నిబంధనల్లో విచారణ ఖైదీకి బెయిలు కోసం 40,000 రూపాయల దాకా, శిక్ష పడినవాడికి జరిమానా కట్టడానికి 25,000 దాకా సాయం అని ఉంది. చాలామందికి తెలియదు. దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్ళే, 2022 లెక్క ప్రకారం.

సంతపేట_వాసి | మంగళవారం, ఉదయం 8:10

బయటికొచ్చినోడు అన్న రాసింది చదివాక మొన్న నేను రాసింది నాకే చప్పగా అనిపిస్తోంది. ఈ పరిచర్యకి పాలకుడు పునీత మాక్సిమిలియన్ కోల్బే. ఆష్‌విట్జ్‌లో పెళ్ళాం పిల్లలున్న ఖైదీ బదులు తాను ఆకలి గదిలోకి పోయి 1941 ఆగస్టు 14న చనిపోయారు. ఆయన ఫోటో పెట్టి, కవరు తిప్పి, ఇంటికి పోవడం ఏం బాగుంది? మన దేశంలో ఈ పరిచర్య మొదలుపెట్టింది కూడా 1981లో కొట్టాయంలో చదువుకుంటున్న ఇద్దరు గురువిద్యార్థులే. గూడూరు బ్రదర్ గారూ, మీ వయసు వాళ్ళే.

గూడూరు_బ్రదర్ | మంగళవారం, ఉదయం 8:25

అర్థమైందన్నా, గుచ్చింది. :)

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 10:00

చర్చ బాగుంది. కేసు నంబర్లు, ఊరి పేరుతో పాటు మనుషుల పేర్లు ఎవరూ రాయొద్దు. ఒక పోస్టులో నిందితుడి పేరు ఉంటే తీసేశాను.

అల్లూరు_అక్క | శనివారం, సాయంత్రం 7:15

అందరికీ చెప్పాలని వచ్చాను. మంగళవారమే ఫాదర్ గారి దగ్గరికి పోయాం. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన బయటికి వచ్చి "లోపలికి రామ్మా, అన్నం తిన్నారా" అన్నారు. దరఖాస్తు పెట్టారు. తమ్ముడు లోపల అర్జీ రాసిచ్చాడు, రిజిస్టర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అనుమతి వచ్చింది, వచ్చే వారం పోతారు. మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పి రమ్మని మీరు రాసింది ఆయనకి చూపించాను. ఆయన డైరీ తీసి రాసుకున్నారు.

90 రోజులు దాటాయి, కానీ చార్జిషీట్ దానికి ముందే పడింది. మామూలు బెయిలు పిటిషన్ వేస్తున్నాం.

దెబ్బ తగిలిన అతని ఇంటికి ఫాదర్ గారు వాళ్ళ ఉపదేశితో పోయి వచ్చారు. వాళ్ళు కాఫీ ఇచ్చారంట. ఇంకేం మాట్లాడారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చెల్లీ, పేరు వద్దన్న చెల్లీ, మీ విచారణ ఏదో నాకు తెలీదు. తెలిస్తే ఈ ఫాదర్ గారిని మీ ఇంటికి కూడా పంపేదాన్ని.

పేరు_వద్దు | శనివారం, రాత్రి 9:50

వద్దులే అక్కా, ఇప్పుడే వద్దు. అడిగినందుకు థ్యాంక్స్.

వకీలు గారూ, ఒకటి అడగాలి. నాన్న పోయాక ఇంటి అప్పు నా మీద పడింది. చంపినవాడికి ఉచిత లాయర్ ఉంటాడని రాశారు. మాలాంటి వాళ్ళకి ఏమన్నా ఉందా?

ఒంగోలు_వకీలు | శనివారం, రాత్రి 10:20

ఉందమ్మా. బాధితుల నష్టపరిహార పథకం ఉంది, కొత్త చట్టంలో 396వ సెక్షన్. పాత చట్టంలో కూడా ఉండేది. చనిపోయినవాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు అడగొచ్చు. అది ఇచ్చేది కూడా అదే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. మీరు ఆడవాళ్ళు కాబట్టి మీకు కూడా ఉచిత లాయర్ వస్తాడు, ఆదాయం అడగరు. ఇన్నాళ్ళూ మీకు ఈ మాట ఎవరూ చెప్పలేదంటే తప్పు మాదే, లాయర్లది.

పేరు_వద్దు | శనివారం, రాత్రి 10:26

ఏమేం కాగితాలు కావాలి?

ఒంగోలు_వకీలు | శనివారం, రాత్రి 10:41

ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. తీర్పు వచ్చి ఉంటే దాని కాపీ కూడా. ఏదైనా లేకపోయినా ఆగకండి, ఉన్నవి పట్టుకుని సోమవారమే కోర్టు ఆవరణలో వాళ్ళ ఆఫీసుకి పోండి. ఎవరైనా తిప్పి పంపితే ఇక్కడే రాయండి.

బయటికొచ్చినోడు | శనివారం, రాత్రి 11:05

చెల్లెమ్మా, ఒంగోలు అయితే నేను తోడు వస్తా. అప్లికేషన్ రాయడం లోపల ఉన్నప్పుడే నేర్చుకున్నా.

పేరు_వద్దు | శనివారం, రాత్రి 11:12

ఒంగోలే అన్నా. సోమవారం మా అమ్మ కూడా వస్తుంది. పదిన్నరకి కోర్టు గేటు కాడ ఉంటాం.